సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్నచోట కెమెరాని ఫోన్‌లో చూడటం ఎలా?

కెమెరా కొత్తది. ఫోన్ మంచిది. యాప్ తెరిస్తే మాత్రం సున్నా గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది, లేదా బొమ్మ ఒక్కసారి వచ్చి అక్కడే ఆగిపోతుంది. భీమవరం చుట్టుపక్కల ఉండి, ఆకివీడు, కాళ్ళ మండలాల వైపు చేపల, రొయ్యల చెరువుల దగ్గరా, కోనసీమలో కొబ్బరి తోటల మధ్య ఇళ్ళ దగ్గరా కెమెరాలు పెట్టించుకున్న చాలామందిది ఇదే ఇబ్బంది. కొందరు ఫోన్ మార్చేస్తారు, కొందరు పెద్ద రీఛార్జి వేయిస్తారు, చివరికి ‘ఇక్కడ నెట్ ఇంతే’ అని వదిలేస్తారు. వదిలేయక్కర్లేదు. సెకనుకు 300, 400 కిలోబిట్లు నిలకడగా వచ్చే చోట కూడా గట్టు మీద ఎవరు నడుస్తున్నారో, మకాం (చెరువు మీద కాపలా ఉండే గది) తలుపు తీసి ఉందో వేసి ఉందో, నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు తిరుగుతున్నాయో లేదో ఫోన్‌లో చక్కగా చూడొచ్చు. అందుకు చేయాల్సిన పనులు ఇవి. ఇదే వరుసలో చేయండి, వరుస మారిస్తే చేసిన పనే మళ్ళీ చేయాల్సి వస్తుంది.

అడ్డంకి ఎక్కడుందో ముందు తెలుసుకోండి

ఫోన్‌లో సినిమా చూస్తున్నప్పుడు వీడియో మన దగ్గరికి దిగుతుంది. కెమెరా చూస్తున్నప్పుడు, అది దిగడానికి ముందు ఇంకో పని జరగాలి: చెరువు దగ్గరున్న సిమ్ నుంచి వీడియో టవర్‌కి ఎక్కాలి. ఈ ఎక్కే వేగమే అప్‌లోడ్. మీరు భీమవరంలో ఉన్నా, కువైట్‌లో ఉన్నా, మీ ఫోన్‌కి ఎంత మంచి నెట్ ఉన్నా, అక్కడ ఎక్కనిది ఇక్కడ దిగదు. మెయిన్ కాలవ నిండుగా పారుతున్నా శివారు చేలకు నీళ్ళు అందని సంగతి డెల్టా రైతుకి ఒకరు చెప్పక్కర్లేదు. ఇక్కడ కూడా అడ్డంకి శివారులోనే ఉంది.

దీనికి కారణం ఉంది. టవర్ పదుల వాట్ల శక్తితో సిగ్నల్ పంపుతుంది. సిమ్ వేసిన రౌటర్ గానీ, సిమ్ కెమెరా గానీ తిరిగి పంపేది మహా అయితే వాట్‌లో ఐదో వంతు శక్తితో. అందుకే టవర్‌కి దూరమయ్యేకొద్దీ డౌన్‌లోడ్ పర్వాలేదనిపిస్తున్నా అప్‌లోడ్ పడిపోతుంది. ‘యూట్యూబ్ బాగానే వస్తోంది, కెమెరానే రావట్లేదు’ అనడానికి కారణం ఇదే.

వేగం కొలవండి, అది కూడా రాత్రి 8 తర్వాత

కెమెరా సిమ్‌ని ఒక ఫోన్‌లో వేసి, రౌటర్ పెట్టబోయే చోటే నిలబడి స్పీడ్ టెస్ట్ చేయండి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ వాళ్ళ మైస్పీడ్ యాప్ ఉంది, ఊక్లా స్పీడ్‌టెస్ట్ ఉంది, ఏదైనా సరే. డౌన్‌లోడ్ అంకె వదిలేసి అప్‌లోడ్ అంకె రాసుకోండి. మధ్యాహ్నం ఒకసారి, రాత్రి 8కీ 10కీ మధ్య ఒకసారి, వీలైతే ముసురు పట్టిన రోజు ఒకసారి చేయండి. రాత్రి భోజనాల వేళ ఊరంతా ఫోన్లు పట్టుకుని ఉంటుంది కాబట్టి వేగం బాగా తగ్గేది అప్పుడే. వచ్చిన అంకెల్లో అన్నిటికన్నా తక్కువదే మీ అంకె. అందులో సగం మాత్రమే వీడియోకి వాడుకోవాలని లెక్క పెట్టుకోండి. తక్కువలో తక్కువ 0.8 ఎంబీపీఎస్, అంటే సెకనుకు 800 కిలోబిట్లు (కేబీపీఎస్) వచ్చిందనుకుంటే, వీడియోకి 400 కేబీపీఎస్. మిగతా సగం ఒడుదుడుకులకి వదిలేయాలి. సగటు చూసుకుని సెట్ చేస్తే పగలంతా బాగుండి, దొంగ వచ్చే వేళకి బొమ్మ ఆగిపోతుంది.

ఊళ్ళో బాగా పనిచేసే సిమ్ గట్టు మీద కూడా బాగుంటుందని నమ్మకం లేదు. జియో, ఎయిర్‌టెల్, వీఐ, బీఎస్ఎన్ఎల్, చేతికందిన సిమ్‌లన్నీ వేసి చూడండి. పక్క చెరువు గుమస్తాని అడిగితే ఏ సిమ్‌కి ఏ మూల సిగ్నల్ వస్తుందో చెప్పేస్తాడు. ఆ మాట స్పీడ్ టెస్ట్‌కి ఏమీ తీసిపోదు.

రౌటర్‌ని షెడ్డులోంచి బయటికి తీయండి

నేను చూసిన చెరువుల దగ్గర రౌటర్ ఎక్కువగా ఉండేది ఇనప రేకుల షెడ్డులో, స్టార్టర్ బోర్డు పక్కన, మేత బస్తాల వెనక. సిగ్నల్‌కి ఇంతకన్నా చెడ్డ చోటు లేదు. పైన ఇనప రేకు, పక్కన ఇనప బోర్డు, చుట్టూ బస్తాలు. దాన్ని నీళ్ళు చొరబడని ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి, షెడ్డు కప్పు కన్నా పైకి వచ్చేలా పైపుకి కట్టండి. పెట్టె ఇనపది కాకూడదు. బయటి యాంటెన్నా పెట్టే వీలున్న రౌటర్ అయితే యాంటెన్నాని టవర్ వైపు తిప్పండి, కానీ యాంటెన్నా వైరు పొడవు పెంచకండి. ఆ వైరు పొడవయ్యేకొద్దీ వచ్చిన సిగ్నల్ అందులోనే కరిగిపోతుంది. దానికి బదులు రౌటర్‌నే పైన పెట్టి, అక్కడి నుంచి కిందికి ఈథర్‌నెట్ వైరు దించండి. అది 100 మీటర్ల వరకు ఏమీ కోల్పోదు. పైపుకి ఎర్తింగ్ తప్పనిసరి. మన దగ్గర వేసవి చివర్లో పిడుగులు ఎలా పడతాయో మీకు తెలుసు.

రౌటర్ సెట్టింగుల పేజీలో ఆర్‌ఎస్‌ఆర్‌పీ అనే అంకె కనిపిస్తుంది, టవర్ సిగ్నల్ ఎంత బలంగా అందుతోందో చెప్పేది అదే. మైనస్‌లో ఉంటుంది. మైనస్ పక్కనున్న అంకె 90 లోపు ఉంటే బాగున్నట్టు, 110 దాటితే కష్టం. పైపుని మూరెడు అటూ ఇటూ జరిపినా ఈ అంకె మారుతుంది. ఒకరు పైన పైపు తిప్పుతుంటే ఇంకొకరు కింద ఫోన్‌లో అంకె చదువుతూ ఉంటే గంటలో సరైన చోటు దొరుకుతుంది. గీతలు చూసి నిర్ణయించుకోకండి, నాలుగు గీతలున్నా అప్‌లోడ్ ఉండకపోవచ్చు. బ్యాండ్ (సిగ్నల్ నడిచే ఫ్రీక్వెన్సీ) ఎంచుకునే వీలుంటే ఒక్కొక్కటీ పెట్టి అప్‌లోడ్ కొలవండి. 700, 850 మెగాహెర్ట్జ్ లాంటి కింది బ్యాండ్లు దూరం వస్తాయి. 2300 బ్యాండ్‌లో డౌన్‌లోడ్, అప్‌లోడ్ ఒకే దారిని వంతుల వారీగా పంచుకుంటాయి, ఆ వంతుల్లో ఎక్కువ భాగం డౌన్‌లోడ్‌కే పోతుంది. కాబట్టి డౌన్‌లోడ్ తక్కువ చూపించే బ్యాండే మనకి పనికొచ్చే సందర్భాలు ఉంటాయి.

ఇంకో దారి ఉంది, వీలున్నవాళ్ళకి ఇదే నా మొదటి సలహా. ఊళ్ళో మీ ఇంటికి ఏపీ ఫైబర్‌నెట్ గానీ, కేబుల్ ఆపరేటర్ ఇచ్చే ఫైబర్ గానీ ఉండి, చెరువు కిలోమీటరు, రెండు కిలోమీటర్ల లోపు ఉంటే సిమ్ సంగతే మర్చిపోండి. రెండు చోట్ల మధ్య వైరు లేకుండా నెట్ మోసే 5 గిగాహెర్ట్జ్ వైర్‌లెస్ బ్రిడ్జి జత కొని ఒకటి మేడ మీద, ఒకటి చెరువు దగ్గర పైపు మీద బిగించండి. ఒకదానికొకటి కంటికి కనపడాలి, అంతే షరతు. డెల్టా నేల చదునుగా ఉంటుంది కాబట్టి కొండలూ గుట్టలూ అడ్డం రావు, అడ్డం వచ్చేవల్లా కొబ్బరి చెట్లు. మధ్యలో తోట ఉంటే ఈ పద్ధతి మానుకోండి. తడిసిన కొబ్బరాకు 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ని తాగేస్తుంది.

కెమెరా దేనివైపు చూస్తోందో చూడండి

చాలామంది సరాసరి సెట్టింగులకి వెళ్ళిపోతారు. దానికి ముందు కెమెరా ముఖం ఎటు ఉందో చూడాలి, ఎందుకంటే వీడియో సైజుని నిర్ణయించేది బొమ్మలో కదలిక. కెమెరా ప్రతి ఫ్రేమునీ (వీడియోలో వరసగా వచ్చే ఒక్కో బొమ్మనీ) మొత్తం పంపదు, ముందు ఫ్రేముకీ ఇప్పటి ఫ్రేముకీ ఉన్న తేడానే పంపుతుంది. గోడ వైపు చూసే కెమెరాకి తేడా దాదాపు ఉండదు. చెరువు వైపు చూసే కెమెరాకి తేడా తప్ప ఇంకేమీ ఉండదు.

ఏరియేటర్ తిరుగుతున్నప్పుడు చూడండి. రెక్కలు, వాటి మీంచి లేచే తుంపర, నురగ, చుట్టూ వలయాలుగా వెళ్ళే అలలు, వాటి మీద ఎండ మెరుపులు. అందులో ఏ ఒక్క చుక్కా ముందు ఫ్రేములో ఉన్నచోట ఉండదు. కెమెరాకి ఇంతకన్నా కష్టమైన పని లేదు. అదే 256 కేబీపీఎస్‌లో మకాం తలుపు స్పష్టంగా కనిపిస్తుంది, ఏరియేటర్ నిండిన బొమ్మ గడులు గడులుగా చెదిరిపోతుంది. గాలికి ఊగే కొబ్బరాకులూ ఇంతే. కాబట్టి కెమెరాని నీళ్ళ మీదికి కాకుండా గట్టు వెంబడి తిప్పండి. మనిషి నడిచి రావాల్సింది గట్టు మీదే కదా. ఏరియేటర్లు ఒక మూలకి కనిపిస్తే చాలు, తిరుగుతున్నాయో ఆగాయో తెలుస్తుంది. ఇంకా నీళ్ళు ఎక్కువగా పడుతుంటే ప్రైవసీ మాస్క్ అనే సెట్టింగుతో ఆ భాగాన్ని నల్లగా మూసేయండి. మూసిన భాగంలో కదలిక ఉండదు కాబట్టి దానికి డేటా ఖర్చవదు.

రాత్రి సంగతి వేరే. కెమెరా చుట్టూ ఉండే ఎర్రలైట్ల వెలుతురికి పురుగులు ముసురుతాయి. వరికోతల రోజుల్లో, వానాకాలం మొదట్లో అయితే చెప్పనే అక్కర్లేదు. లెన్స్ ముందు నుంచి ఎగిరే ప్రతి పురుగూ తెరమీద తెల్లటి తోకలా కనిపిస్తుంది. పురుగుల కోసం సాలీడు వస్తుంది, లెన్స్‌కి అడ్డంగా గూడు కడుతుంది, ఆ గూడు గాలికి ఊగినప్పుడల్లా కెమెరా ఎవరో వచ్చారనుకుని మీకు అలర్ట్ పంపుతుంది. మందు ఇది: కెమెరాలో ఉన్న ఎర్రలైటు ఆపేసి, దానికి నాలుగైదు అడుగుల దూరంలో విడిగా ఒక లైటు పెట్టండి. పురుగులు అటు పోతాయి. వెలుతురు బాగుంటే బొమ్మలో చీకటి వల్ల వచ్చే చుక్కలూ తగ్గుతాయి, డేటా కూడా తగ్గుతుంది. వారానికోసారి పొడి గుడ్డతో గూడు తుడవమని కాపలా మనిషికి చెప్పండి.

సబ్ స్ట్రీమ్: అసలు పని ఇక్కడే

దాదాపు ప్రతి కెమెరా, ప్రతి రికార్డరూ (కెమెరాల వీడియోని డిస్క్‌లో దాచే పెట్టె) ఒకేసారి రెండు వీడియోలు తయారుచేస్తాయి. ఒకటి మెయిన్ స్ట్రీమ్: పూర్తి నాణ్యత, హార్డ్ డిస్క్‌లోకి వెళ్ళేది. రెండోది సబ్ స్ట్రీమ్: చిన్న సైజు, ఫోన్‌లో చూడటానికి. బిగించేవాళ్ళు మెయిన్ సరిచేసి వెళ్ళిపోతారు, సబ్ స్ట్రీమ్ కంపెనీ నుంచి వచ్చినట్టే ఉండిపోతుంది. కొన్నిట్లో అది 512 కేబీపీఎస్, కొన్నిట్లో 1 ఎంబీపీఎస్ దాకా ఉంటుంది. మన 400 లెక్కలో అది పట్టదు.

రికార్డర్ మెనూలో గానీ, యాప్‌లోని డివైస్ సెట్టింగుల్లో గానీ ఎన్‌కోడ్ లేదా వీడియో అనే పేజీ వెతకండి. స్ట్రీమ్ రకం దగ్గర ‘సబ్ స్ట్రీమ్’ ఎంచుకుని ఇలా పెట్టండి.

రిజల్యూషన్ 640×360. అది లేకపోతే దానికి దగ్గరగా ఉన్న కిందిది. అరచేతిలో తెరకి ఇది చాలు.

ఫ్రేమ్ రేటు 8. సెకనుకి 25 ఫ్రేములు పెళ్ళి వీడియోకి కావాలి. మనిషి గట్టు మీద నడిచి రావడానికి 8 ఎక్కువే.

బిట్ రేటు (సెకనుకి పంపే డేటా) రకం సీబీఆర్, అంటే స్థిరంగా ఉండేది. వీబీఆర్ పెడితే కదలిక పెరిగినప్పుడు డేటా పెరుగుతుంది. ఎవరో గట్టు మీదికి వచ్చినప్పుడే, అంటే మీరు చూడాల్సిన క్షణంలోనే బొమ్మ ఆగిపోతుంది. అంకె 256 కేబీపీఎస్‌తో మొదలుపెట్టండి.

ఐ ఫ్రేమ్ ఇంటర్వల్. దీన్ని ఎవరూ పట్టించుకోరు, కానీ యాప్ తెరవగానే బొమ్మ రావడానికి ఎంతసేపు పడుతుందో తేల్చేది ఇదే. మొత్తం బొమ్మని పూర్తిగా పంపే ఫ్రేముని ఐ ఫ్రేమ్ అంటారు, మిగతావన్నీ తేడాలు మాత్రమే. మీరు యాప్ తెరిచినప్పుడు తరవాతి ఐ ఫ్రేమ్ వచ్చేదాకా తెర నల్లగానే ఉంటుంది. అది 10 సెకన్లకోసారి వచ్చేలా ఉంటే, తెరిచిన ప్రతిసారీ 10 సెకన్ల దాకా ఎదురుచూడాల్సి రావచ్చు. 2 సెకన్లు పెట్టండి. కొన్ని మెనూల్లో ఇది సెకన్లలో కాకుండా ఫ్రేముల్లో ఉంటుంది: 8 ఫ్రేముల రేటుకి 16 అని పెడితే 2 సెకన్లు.

కంప్రెషన్ హెచ్.265 ఉంటే అదే పెట్టండి, హెచ్.264తో పోలిస్తే అదే నాణ్యతకి దాదాపు సగం డేటా చాలు. మీ ఫోన్ బాగా పాతదై తడబడుతుంటే మాత్రం 264కి వెనక్కి రండి.

ఇక ఆడియో. కెమెరాల్లో ఎక్కువగా వాడే జీ.711 ఆడియో ఒక్కటే 64 కేబీపీఎస్ తీసుకుంటుంది. 256 వీడియోకి ఇది నాలుగో వంతు. ఏరియేటర్ల చప్పుడు వినడానికి అంత ఖర్చు అక్కర్లేదు, సబ్ స్ట్రీమ్‌లో ఆడియో ఆపేయండి. ఇంట్లో అమ్మానాన్నలతో మాట్లాడే కెమెరా అయితే ఉంచుకోండి, అప్పుడు వీడియోని 192కి తగ్గించండి.

ఇంత చేసినా ఆగుతుంటే 352×288, ఫ్రేమ్ రేటు 5, 128 కేబీపీఎస్ దాకా దిగండి. ముఖం గుర్తుపట్టలేరు గానీ మనిషా పశువా, ఒకరా ఇద్దరా అన్నది తెలుస్తుంది. ముఖం కావాలంటే డిస్క్‌లో మెయిన్ స్ట్రీమ్ ఉంటుంది. దాన్ని మాత్రం తగ్గించకండి.

యాప్, ఫోన్ వైపు

సిమ్ నెట్‌తో పోర్ట్ ఫార్వర్డింగ్, అంటే బయటి నుంచి నేరుగా కెమెరాకి దారి తెరవడం, చేయాలని చూడొద్దు. మన మొబైల్ కంపెనీలు వేల కనెక్షన్లని ఒకే బయటి అడ్రస్ వెనక ఉంచుతాయి కాబట్టి అది పనిచేయదు. కెమెరా మీదో, రికార్డర్ మెనూలోనో ఉన్న క్యూఆర్ కోడ్‌ని కంపెనీ యాప్‌తో స్కాన్ చేసి కలపడమే దారి. హిక్‌విజన్‌కి హిక్-కనెక్ట్, దహువాకి డీఎంఎస్ఎస్, టీపీ-లింక్ టాపోకి టాపో యాప్. ఈ యాప్‌లు ముందు కెమెరానీ మీ ఫోన్‌నీ నేరుగా కలపాలని చూస్తాయి, కుదరకపోతే తమ సర్వర్ మీదుగా పంపుతాయి. సర్వర్ మీదుగా వస్తున్నప్పుడు ఆలస్యం ఎక్కువ, పైగా కొన్ని యాప్‌లు కొద్ది నిమిషాలకే లైవ్ ఆపేస్తాయి. ఆగిపోతే మళ్ళీ నొక్కితే వస్తుంది, కంగారు పడకండి.

యాప్‌లో నాణ్యత బటన్ ఒకటి ఉంటుంది: హెచ్‌డీ/ఎస్‌డీ అనో, బేసిక్/స్టాండర్డ్ అనో, 360పీ అనో. తక్కువది ఎంచుకోండి, సబ్ స్ట్రీమ్ అంటే అదే. కొన్ని యాప్‌లు బొమ్మని అడ్డంగా పెద్దది చేయగానే తమంతట తామే మెయిన్‌కి మారిపోతాయి. పెద్దది చేసిన ప్రతిసారీ ఆ బటన్ వైపు ఒక చూపు వేయండి. నాలుగు కెమెరాలు ఒకే తెరమీద తెరిస్తే నాలుగు 256లు, అంటే 1 ఎంబీపీఎస్ దాకా అప్‌లోడ్ కావాలి. ఒక్కటి తెరవండి, చూసి మూసి ఇంకోటి తెరవండి.

ఒకే కెమెరాని మీరు భీమవరంలో, మీ తమ్ముడు హైదరాబాద్‌లో, బావగారు మస్కట్‌లో ఒకేసారి చూస్తే అప్‌లోడ్ మూడింతలవుతుంది. రాత్రి ఎవరు ఎప్పుడు చూస్తారో ఇంట్లో వంతులు వేసుకోవడం మేలు. కువైట్ మనకన్నా రెండున్నర గంటలు, దుబాయ్ గంటన్నర వెనక కాబట్టి ఈ వంతులు సులువుగానే కుదురుతాయి.

లైవ్ చూస్తూ కూర్చోకండి, కెమెరానే మిమ్మల్ని పిలవనివ్వండి

బలహీనమైన నెట్‌లో నిలబడేది అలర్టు. వీడియో రాని చోట కూడా పదుల కిలోబైట్ల ఫోటో ఒకటి ఎలాగో వచ్చేస్తుంది. మనిషిని గుర్తుపట్టే వసతి కెమెరాలో ఉంటే అది ఆన్ చేసి, మామూలు మోషన్ డిటెక్షన్ ఆపేయండి. గట్టు దారి మీద ఒక గీత గీసి, రాత్రి 9 నుంచి తెల్లవారి 5 వరకు ఆ గీత దాటినవాళ్ళకే అలర్టు రావాలని పెట్టండి. కుక్కలకీ కొంగలకీ అలర్టులు వస్తూ ఉంటే పది రోజుల్లో మీరే నోటిఫికేషన్లు ఆపేస్తారు, తరవాత నిజంగా మనిషి వచ్చినా తెలియదు. మీ ఫోన్ బ్యాటరీ సెట్టింగుల్లో ఈ యాప్‌ని పొదుపు జాబితాలోంచి తీసేయండి, లేకపోతే రాత్రి అలర్టు పొద్దున ఫోన్ తీసినప్పుడు వస్తుంది.

చెరువు రైతులకి ఒక్క మాట గట్టిగా చెప్పాలి. కరెంటు పోయి ఏరియేటర్లు ఆగితే అది తెలుసుకోవడానికి కెమెరా మీద ఆధారపడకండి. నీళ్ళలో ఆక్సిజన్ బాగా తగ్గేది తెల్లవారే ముందు, మీరు గాఢ నిద్రలో ఉండే వేళ. ఆ సమయంలో కావాల్సింది మోగే ఫోన్. కరెంటు పోగానే నేరుగా కాల్ చేసే సిమ్ అలారం పెట్టె దొరుకుతుంది, దానికి ఇంటర్నెట్ అక్కర్లేదు, 2జీ సిగ్నల్ ఉన్నా పనిచేసేవి ఉన్నాయి. అది కాల్ చేసి నిద్ర లేపాలి, కెమెరాలో గుమస్తా జనరేటర్ దగ్గరికి వెళ్తున్నాడో లేదో మీరు చూసుకోవాలి. రెండూ కలిస్తేనే కాపలా.

డేటా లెక్క

256 కేబీపీఎస్‌లో గంటసేపు చూస్తే సుమారు 115 ఎంబీ. అదే మెయిన్ స్ట్రీమ్ 2 ఎంబీపీఎస్ అయితే 900 ఎంబీ. 4 ఎంబీపీఎస్ అయితే 1.8 జీబీ, రోజుకి 1.5 జీబీ ప్యాక్ గంట గడవకముందే అయిపోతుంది. ఇది చెరువు సిమ్‌లోనూ, మీరు చూసే ఫోన్‌లోనూ రెండు చోట్లా ఖర్చవుతుంది. రోజు కోటా అయిపోతే వేగం 64 కేబీపీఎస్‌కి పడిపోయే ప్యాకులే ఎక్కువ. అందులో ఏ వీడియో రాదు. క్లౌడ్ రికార్డింగ్ (వీడియోని కంపెనీ సర్వర్‌లో దాచడం) ఆన్ అయి ఉంటే మీరు చూడకపోయినా డేటా పోతూనే ఉంటుంది, సిమ్ మీద నడిచేచోట అది ఆపేసి మెమరీ కార్డులోనో హార్డ్ డిస్క్‌లోనో రికార్డు చేసుకోండి. గుమస్తా ఫోన్‌కి ఆ వైఫై పాస్‌వర్డ్ ఇవ్వకండి. అతనికి విడిగా రీఛార్జి చేయించడం మర్యాద, మనకీ లాభం.

జరిగిపోయినది చూడాలంటే

రికార్డింగ్‌ని దూరం నుంచి వెతకడం లైవ్ కన్నా కష్టం, ఎందుకంటే డిస్క్‌లో ఉన్నది మెయిన్ స్ట్రీమ్. సబ్ స్ట్రీమ్‌ని కూడా రికార్డు చేసే వీలు మీ రికార్డర్‌లో ఉంటే తప్పకుండా ఆన్ చేయండి. దానిలో సమయం వెతికి పట్టుకుని, కావాల్సిన అర నిమిషాన్ని మాత్రం మెయిన్‌లో డౌన్‌లోడ్ చేయండి. నిదానంగా దిగినా పూర్తి నాణ్యతతో దిగుతుంది. కెమెరా గడియారం సరిగ్గా ఉండాలి. టైమ్ జోన్ +5:30, నెట్ నుంచి గడియారాన్ని సరిచేసే ఎన్‌టీపీ ఆన్. గడియారం రెండు గంటలు తేడాగా ఉంటే దొంగతనం జరిగిన వేళ వెతికినా ఏమీ కనపడదు.

1 టీబీ డిస్క్‌లో 2 ఎంబీపీఎస్ చొప్పున నాలుగు కెమెరాలు రాస్తే 11 రోజులకి నిండిపోయి పాతది చెరిగిపోతుంది. మేత బస్తాలో, మోటారో పోయి పోలీసు కంప్లైంట్ ఇచ్చే పరిస్థితి వస్తే అదే రోజు ఎవరినైనా పంపి పెన్ డ్రైవ్‌లోకి తీయించండి.

పాస్‌వర్డ్, మనుషులు

బిగించినవాళ్ళు పెట్టిన పాస్‌వర్డ్ వాళ్ళు వెళ్ళిన రోజే మార్చండి. 2016లో మిరాయ్ అనే వైరస్ కంపెనీ పాస్‌వర్డ్‌తోనే వదిలేసిన కెమెరాలనీ డీవీఆర్‌లనీ (రికార్డర్లనీ) లక్షల్లో పట్టుకుని ఇంటర్నెట్ మీద దాడులకి వాడుకుంది. ఇలా పట్టుబడిన కెమెరా మీ అప్‌లోడ్‌ని కూడా తినేస్తుంది.

మకాంలో కాపలా కుటుంబం ఉంటే వాళ్ళు పడుకునే చోటు, స్నానం చేసే చోటు కెమెరాలో పడకూడదు. ఎక్కడెక్కడ కెమెరా ఉందో వాళ్ళకి చూపించండి. ఊళ్ళో పెద్దవాళ్ళున్న ఇల్లయితే వాళ్ళని అడిగి పెట్టండి. ‘నాన్నా, వరండాలోనూ వీధి గుమ్మం దగ్గరా పెడుతున్నాం, లోపల పెట్టట్లేదు’ అని ముందే చెబితే ఆయనే రోజూ లెన్స్ తుడుస్తారు.

కరెంటు, వరద

రౌటర్లూ కెమెరాలూ చాలావరకు 12 వోల్టుల మీద నడుస్తాయి. రౌటర్‌కి వాడే మినీ యూపీఎస్ ఒకటి పెడితే కరెంటు పోయినా రెండు మూడు గంటలు ఆగకుండా ఉంటుంది. అడాప్టర్ మీద రాసిన వోల్టులూ ఆంపియర్లూ చూసుకుని కొనండి. రౌటర్ రోజుకోసారి దానంతటదే రీస్టార్ట్ అయ్యేలా సెట్టింగు ఉంటే పెట్టుకోండి, సగం సమస్యలు దానితోనే పోతాయి. సమయం మాత్రం మధ్యాహ్నం 2కి పెట్టండి. చాలామంది తెల్లవారుజామున 4 అని పెడతారు, చెరువు దగ్గర కెమెరా ఆగకూడని గంట అదే.

అంతర్వేది, మొగల్తూరు, అల్లవరం వైపు సముద్రపు గాలికి కనెక్టర్లు పచ్చగా చిలుముపట్టి సిగ్నల్ పోతుంది. జాయింట్లన్నీ పెట్టెలో ఉండాలి, పెట్టెలోకి వచ్చే వైరు ముందు కాస్త కిందికి వేలాడి తరవాత పైకి ఎక్కాలి, అప్పుడు వాన నీరు వైరు వెంబడి లోపలికి పోదు.

లంకల్లో, ఏటిగట్టు లోపల ఉన్నవాళ్ళు రికార్డర్‌ని అటక మీద పెట్టుకోండి. 2022 జులైలో ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు నీళ్ళు ఎంత ఎత్తు వచ్చాయో గోడల మీద మరకలు మీకు తెలుసు, ఆ మరక కన్నా పైన ఉండాలి. బ్యారేజీ దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 10 లక్షల క్యూసెక్కులకి, రెండోది 13 లక్షలకి, మూడోది 17 లక్షలకి ఇస్తారు. మొదటి హెచ్చరిక రాగానే మినీ యూపీఎస్ నిండా ఛార్జి చేసి, గట్టు మీది కెమెరాల అడాప్టర్లు తీసి పైన పెట్టండి. రెండోది వస్తే రికార్డర్ విప్పి మీతో తీసుకుపోండి. ఏ వైరు ఏ కెమెరాదో ముందే టేపు మీద రాసి అంటించి ఉంచితే, నీళ్ళు తీశాక ఎలక్ట్రీషియన్ కోసం ఎదురుచూడకుండా మీరే బిగించుకోవచ్చు.